కంప్లైంట్లు కావలెను

ఆ శుక్రవారం పొద్దుటికని యాదయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు కాలేజీ నుంచి రేఖ మేడం వస్తుంది, రిజిస్టర్ చూపించాలి, సంతకం పెట్టించుకోవాలి, ఆ తర్వాత నెమ్మదిగా టిఫిన్ తినాలి. హైటెక్ సిటీలోని ఆ పద్నాలుగు అంతస్తుల ఆఫీసు భవనానికి పందొమ్మిదేళ్లుగా ఎలక్ట్రీషియనూ అతనే, పంపు మెకానిక్కూ అతనే, లిఫ్టు మనిషీ అతనే. ఇప్పుడు యజమానులకు కొత్త బుద్ధి పుట్టింది. వచ్చే ఏడాదికల్లా డిప్లొమా లేనివాళ్లు ఇంటికి పోవాలట.

శేరిలింగంపల్లిలోని ఒక కమ్యూనిటీ కాలేజీ అతనికి దిక్కయింది. అక్కడి డిప్లొమాకు నలభై క్రెడిట్లు కావాలి. పనిచేస్తూ నేర్చుకున్న విద్యను పరీక్షించి, అందులో ఇరవై దాకా వాళ్లే ఇస్తారు. ఆ ఇరవై వస్తే మిగతావి ఆదివారాల్లో చదువుకుని గడువులోగా గట్టెక్కవచ్చు. రాకపోతే ఉద్యోగం పోయినట్టే.

తీరా ముందురోజు సాయంత్రం రేఖ ఫోన్ చేసి, ఏ కంప్లైంటు వచ్చింది, దాన్ని ఎలా బాగుచేశారు అన్నది చూసే క్రెడిట్లు వేస్తామని చెప్పింది. యాదయ్య రిజిస్టర్ తిరగేశాడు. పందొమ్మిదేళ్ల రిజిస్టర్‌లో ఉన్నవి మొత్తం పదకొండు కంప్లైంట్లు. రోజూ ఆరింటికే వచ్చి, ప్రతి మోటారు మీదా చెయ్యి పెట్టి, చప్పుడు విని, జనం రాకముందే బాగుచేసి పెట్టే మనిషికి కంప్లైంట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, పాపం?

పొద్దున్నే హౌస్‌కీపింగ్ చూసే భవానికి తన గోడు చెప్పుకున్నాడు.

"దానికేంది పరేషాన్ అన్నా? ఐదో అంతస్తు పోరగాళ్లు నువ్వంటే పడిచస్తరు. జర నాలుగు కంప్లైంట్లు రాసియ్యమంటే రాయరా?" అంది భవాని.

ఆమె మాట విని యాదయ్య వాళ్లను అడగడమే తప్పయింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు నాలుగుతో ఆపే రకం కాదు. ఐదో అంతస్తు టీమ్ లీడర్ మహేశ్ భవనంలోని అందరి గ్రూపులో యాదయ్యన్న ఉద్యోగం కాపాడుదామని పిలుపునిచ్చాడు. అంతస్తుకు ఇరవై చొప్పున వంతులు వేశాడు. ఒకరు రాసింది మరొకరు రాయకూడదని షరతు కూడా పెట్టాడు. తొమ్మిదిన్నరకల్లా, రిజిస్టర్ బదులు ఈమధ్యే పెట్టిన కంప్లైంట్ల యాప్‌లో రెండువందల ఎనభై పడ్డాయి. ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని ఒకరు రాస్తే, కుళాయి తిప్పితే లైటు ఆరిపోతోందని ఇంకొకరు రాశారు. ఏడో అంతస్తులో కొత్తగా చేరిన ఒకమ్మాయి, మంచి మంచివన్నీ అప్పటికే అయిపోవడంతో, వైర్లు కాలిన వాసన వస్తోందని రాసింది.

అగ్నిప్రమాదం లెక్కలోకి వచ్చేది కనుక ఆ ఒక్కటీ ఎర్ర అక్షరాలతో భవనం మేనేజరు సోమేశ్వరరావు ఫోన్‌కు వెళ్లింది. ఆయన అప్పుడే మణికొండ నుంచి వచ్చి ఇడ్లీ పొట్లం విప్పుతున్నాడు. పొట్లం అక్కడే వదిలేసి సైరన్ నొక్కాడు. అసలే జాగ్రత్త ఎక్కువైన మనిషి కనుక, ఎవరినీ అడక్కుండా ఆ చేత్తోనే మెయిన్ స్విచ్ కూడా ఆపేశాడు. రెండు వేల మంది మెట్లు దిగి రోడ్డున పడ్డారు. పది నిమిషాలు ముందే వచ్చిన రేఖ మాత్రం లిఫ్టులో, మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఉండిపోయింది.

యాదయ్య పరుగున వచ్చి తలుపు సందులోంచి పిలిచాడు. "మేడం, భయపడకుండ్రి. తలుపు జోలికి పోవద్దు."

"యాదయ్య గారేనా? అయితే ఒక్క నిమిషం ఆగండి. మొట్టమొదట ఏం చేస్తారో చెప్పండి."

"గిప్పుడు పరీక్షనా మేడం?"

"నేను వచ్చిందే దానికి కదండీ."

యాదయ్య చెప్పుకొచ్చాడు. మెయిన్ మళ్లీ ఎవరూ వేయకుండా కాపలా పెడతానన్నాడు. మేడ మీది లిఫ్టు మోటారు గదికెళ్లి బ్రేకు వదులుతూ చక్రాన్ని చేత్తో తిప్పుతానన్నాడు. లిఫ్టు మూడో అంతస్తు మట్టానికి దిగాకే తలుపు తీస్తానన్నాడు. ఆమె ప్రతిదానికీ ఎందుకని అడిగి, ఫోన్ వెలుతురులో రాసుకుంది. గాలి ఆడుతోందా అని అతను అడిగితే, ప్రశ్నలు తాను అడగాలని గుర్తుచేసింది. పద్నాలుగో అంతస్తు పైదాకా ఎక్కి, ఆమెను క్షేమంగా దించేసరికి అతని చొక్కా తడిసిపోయింది.

బయటికొచ్చిన రేఖ ముందుగా యాదయ్య ఫోన్‌లో యాప్ తెరిచింది. రెండువందల ఎనభై కంప్లైంట్లు, అన్నీ ఆ పొద్దుటివే. యాదయ్యకు అబద్ధం నోట రాలేదు.

"అవన్నీ ఉత్తయే మేడం. నాకోసం రాసిర్రు. పాత రిజిస్టర్ల పదకొండే ఉన్నయి. ఖరాబు కాకముందే చేస్త, అందుకే ఎవ్వరు రాయరు" అని తల వంచుకున్నాడు. ఇక తన పని అయిపోయిందనే అనుకున్నాడు.

ఖరాబు కాకముందే చేస్తున్నట్టు ఏమిటి ఆధారమని రేఖ అడిగింది. అతను పంపుల గదికి తీసుకెళ్లాడు. గోడ నిండా పెన్సిల్ రాతలు. తేదీ, మోటారు నంబరు, 'సప్పుడు మారింది', 'బేరింగు ఏసిన'. అన్నీ పందొమ్మిదేళ్లుగా రాసినవే. రేఖ ఆ గోడను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివింది. చెడిపోకముందే చూసుకోవడం తమ దగ్గర వేరే సబ్జెక్టనీ, దానికే పన్నెండు క్రెడిట్లనీ చెప్పింది.

"ఈ మాట నిన్న ఫోన్‌లోనే చెప్పొచ్చు కదండీ?"

"మీరు కంప్లైంట్లే అడిగిర్రు మేడం."

లిఫ్టుకు ఎనిమిది కలిపి ఇరవై వేసి సంతకం పెట్టింది. యాదయ్య కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

యజమానులు విచారణ జరిపారు. లిఫ్టులో మనిషి ఉండగా మెయిన్ ఆపింది ఎవరో తేలాక, డిప్లొమా నియమం మేనేజర్లకూ వర్తిస్తుందన్నారు. సోమేశ్వరరావు తన ఇరవై ఆరేళ్ల అనుభవాన్ని వెంటబెట్టుకుని అదే కాలేజీకి వెళ్లాడు. ఆయన స్వయంగా చేసిన సాంకేతికమైన పని రేఖకు ఒక్కటే తెలుసు, అది జరిగినప్పుడు ఆమె లిఫ్టులోనే ఉంది. అంతా విచారించి, నలభైకి నలభై క్రెడిట్లూ చదువుకునే సదవకాశం ఆయనకు కల్పించింది.