గంజి పంచె, టింక్చరు సీసా

యలమంద కొత్త ఇంటి గృహప్రవేశం ఆ ఉదయం పదిన్నరకి. ఏడింటికే పేరమ్మ, భర్త బుల్లయ్య చేత తెల్ల పంచె కట్టించి, "ఇవాళ నువ్వు రాకపోతే ఇక నాకు పుట్టిల్లు లేనట్టే" అని తేల్చి చెప్పింది. యలమంద ఆమెకు ఒక్కగానొక్క అన్న. ఆరేళ్ళ కిందట ఏదో విందులో బుల్లయ్య నోరు జారి, "బావా, మీ చేలో కాయ చూపుకే గాని కారానికి కాదు" అన్నాడు. అంతే, మాటలు బంద్. మిర్చి రైతుని ఆ మాట అనే బదులు చెంప మీద ఒకటి కొట్టినా సర్దుకునేవాడు.

పంచెకి గంజి ఎంత దట్టంగా పట్టించిందంటే, విప్పి నేలమీద పెడితే దానంతటది నిలబడుతుంది. అయినా పొరుగూరు వెళ్ళేముందు పత్తిచేను చూసి రాకపోతే బుల్లయ్యకి తోచదు. వెళ్ళాడు. గట్టు దగ్గర మడమ పైన ఏదో చురుక్కుమంది. నెత్తురోడుతూ ఇంటికొచ్చాడు. పేరమ్మ తిడుతూనే టింక్చరు సీసా వంచింది. కంగారులో సగం సీసా పంచె మీదే ఒలికింది.

చూస్తుండగానే పంచె అంచు ముదురు నీలమైంది. ఆ నీలం కాలి మీదికీ కారింది.

"ఓరి నాయనో, విషం! ఏం కరిచిందయ్యా?"

"ఎండుపుల్ల గీసుకుందే."

"నువ్వు చూశావా?"

చూడలేదు. ఆ ఒక్క ప్రశ్నతో బుల్లయ్యకి కళ్ళు తిరిగాయి.

పక్కింటి రసూల్ పరుగెత్తుకొచ్చాడు. ఆస్పత్రికి ఆటో కోసం మనిషిని పంపి, ఈలోగా తాతలనాటి పరీక్ష పెట్టాడు. పాము కరిచినవాడికి మిరపకాయ కారం తెలియదని అక్కడి నమ్మకం. వంటింట్లోంచి ఒక కాయ తెప్పించి నోట్లో పెట్టాడు.

"నవులు బుల్లయ్యా. కారంగా ఉందా?"

మిరపకాయ నంజుకోకుండా ముద్ద మింగని మనిషి బుల్లయ్య. "మామూలుగానే ఉంది" అన్నాడు. రెండోదీ అంతే. నాలుగోది కూడా చప్పగా ఉందనేసరికి పేరమ్మ శోకాలు మొదలెట్టింది.

రసూల్ ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి యలమందకి ఫోన్ చేశాడు. "మీ బావగారికి పాము కరిచిందండీ. నాలుగు కాయలు తిన్నా కారం తెలియట్లేదు!"

"వాళ్ళ కాయలకి కారం ఎక్కడేడ్చింది! ఉండు, నా చేలోవి తెస్తున్నా."

పురోహితుణ్ణీ, ఆవునీ, చుట్టాలందర్నీ గుమ్మం ముందే వదిలేసి యలమంద బండెక్కాడు. పావుగంటలో వచ్చిపడి, ఏడుస్తూనే బావ నోట్లో ఎర్రటి కాయ కుక్కాడు. "నవులు బావా, నీకు దణ్ణం పెడతా. కారమని ఒక్క మాట అను!"

లేదంటే ప్రాణం పోయినట్టు, ఉందంటే ఆరేళ్ళ పంతం పోయినట్టు. బుల్లయ్య నమిలాడు. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"అబ్బా... చచ్చాన్రోయ్! కారం!"

"కారమన్నాడమ్మా! బతికాడు!" యలమంద బావని వాటేసుకుని బావురుమన్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంటర్ చదువుతున్న కూతురు ధనశ్రీ ట్యూషన్ నుంచి వచ్చింది. పంచె చూసింది, సీసా చూసింది. గుప్పెడు అన్నం తెచ్చి దానిమీద సీసాలోంచి ఒక చుక్క వేసింది. మెతుకులు నీలమయ్యాయి.

"విషం కాదు నాన్నా, టింక్చరులో ఉండే అయోడిన్. ఫ్రాన్సులో ఒకాయన సముద్రపు నాచు బూడిదలో కనిపెట్టాడు. వేడి చేస్తే ఊదారంగు పొగ వస్తుంది, గంజి తగిలితే ఇలా నీలమవుతుంది. మనం తినే ఉప్పు పాకెట్లోనూ కాస్త కలుపుతారు" అంటూ తండ్రి గాయంలోంచి ఎండుపుల్ల ముక్క ఊడబీకింది.

"అయితే పాము లేదా?" అన్నాడు యలమంద, కౌగిలి వదిలేసి.

చావు తప్పింది కాబట్టి బుల్లయ్య ఇప్పుడు కారమన్న మాట వెనక్కి తీసుకోవచ్చు. బుల్లయ్య భార్య ముఖం చూశాడు, ఆరేళ్ళుగా ఏడుస్తున్న ముఖం.

"పాము లేకపోయినా కారం కారమే బావా. ముందు మీ చెల్లెలితో మజ్జిగ ఇప్పించు" అన్నాడు.

ఆస్పత్రికని పిలిచిన ఆటోలో అందరూ గృహప్రవేశానికి బయల్దేరారు. వెళ్ళేసరికి ఆవు గుమ్మానికి కట్టిన అరటిచెట్లు మేసి, ముహూర్తం దాటిపోకుండా తనే లోపలికెళ్ళి పడుకుంది.