గ్రేవీ తొక్క కట్టేదాకా

మనిషి కష్టాలన్నిటికీ మూలం గడియారమేనని మొదట కనిపెట్టినవాళ్ళు ఆస్ట్రేలియాలో మా క్వీన్స్‌లాండ్‌లో ఒక పట్నం నడిబొడ్డున ఉన్న క్యాసినోవాళ్ళు. అందుకే అక్కడ గోడలకు గడియారాల్లేవు, కిటికీల్లేవు. లోపలికి అడుగుపెట్టగానే 'నేను సరదాగా ఉన్నాను' అని ఒక చీటీ రొమ్ముకు అంటిస్తారు (ఉన్నావా అని అడగరు).

ఆ పక్క ఆసుపత్రిలో మా చెల్లెలు నోలా మొగుడు క్లైవ్‌కు గుండె ఆపరేషను. మూడింటికి లోపలికి తీసుకెళ్తారు. రెండున్నరకు ముందు ఎవరినీ ఆసుపత్రి గడప తొక్కనివ్వరు. ముందురోజు నోలా ఆయనమీద నోరు పారేసుకుంది. మూడింటిలోపు ఒక్క మంచి మాట చెప్పాలని దాని ఆరాటం. మేం దిగిన మోటెల్లో పదింటినుంచి మూడింటిదాకా గదిలో ఉండకూడదు (గదికి విశ్రాంతి కావాలట). నోలాకు ఫోను లేదు, నాది ఆ గదిలోనే విశ్రాంతి తీసుకుంటోంది. చల్లగా, ఊరకే కూర్చోనిచ్చే చోటు క్యాసినో ఒక్కటే.

"అక్కా, టైమెంతయిందో అడగవే."

అడిగాను. కాలచింత నివారణాధికారి డెస్మండ్ ప్రాట్లీ గారు స్వయంగా వచ్చారు.

"సరదాగా ఉన్నవాళ్ళు టైమడగరు పెద్దమ్మా. ఈ ఫారం నింపండి."

నాలుగో గడి: టైము అడిగిన టైము.

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను నాయనా?"

"ఖాళీగా ఉంటే ఫారం చెల్లదు."

"నీ చేతికి గడియారముందిగా!" అంది నోలా.

"అది సిబ్బందికి మాత్రమే," అంటూ ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు.

"బయటికెళ్ళి ఎండ చూసొస్తాను," అన్నాను.

"వెళ్తే మళ్ళీ రేపే లోపలికి. పదకొండో నిబంధన."

నేను కంగారుపడలేదు. చెరకు పండే మా ఊరి క్లబ్బులో నలభై ఏళ్ళుగా మధ్యాహ్నం రోస్టు మాంసం తింటున్నదాన్ని. అక్కడ మాంసంమీద పోసుకునే చిక్కటి పులుసు, గ్రేవీ, చల్లారి పైన తొక్క కట్టిందంటే సరిగ్గా రెండు. ఇక్కడి భోజనాల బల్లమీది గిన్నెలో గ్రేవీ అద్దంలా మెరుస్తోంది.

"కూర్చోవే, ఇంకా ఒంటిగంటన్నా కాలేదు."

టీ తాగాం. మళ్ళీ తాగాం. గ్రేవీ మెరుస్తూనే ఉంది. చివరికి వడ్డించే పిల్లను అడిగాను.

"ఏమ్మా, మీ గ్రేవీ తొక్క కట్టదా?"

"గిన్నె కింద యంత్రం కలుపుతూనే ఉంటుంది కదా మామ్మా! రాత్రిదాకా కట్టదు."

పరుగెత్తాం. ఆసుపత్రి నడవాలో క్లైవ్ మంచం బండి ఎదురొచ్చింది. ఆయన తలెత్తి నోలా రొమ్ముమీది చీటీ చదివాడు.

"క్యాసినోకెళ్ళావా? ఎంత గెలిచావే?"

పొద్దుటినుంచి దాచుకున్న మంచి మాట నోలా నోట్లోంచి ఇలా వచ్చింది: "నోర్ముయ్, ముసలోడా!"

ఆపరేషను గది తలుపులు మూసుకున్నాయి. వాటిపైన గడియారం ఉంది. సరిగ్గానే నడుస్తోంది.