పొటాషియం కాలువల మీద సభ

మచాలాలోని ఒక వైద్య కళాశాలలో పనిచేసే డాక్టర్ సొరైదా అపోలో, ఆ మంగళవారం పొద్దున ఉడికించిన అరటికాయ ముద్దలో గుడ్డు కలుపుకుని తిని, ఉపన్యాసానికి బయలుదేరింది. రక్తనాళాల గోడకు లోపలివైపు పలచని కణాల పొర ఒకటి ఉంటుంది. ఆ కణాల్లో పొటాషియం వెళ్లే సన్నని దారులున్నాయి. శాస్త్రం వాటిని కాలువలంటుంది. అవి ఎప్పుడు తెరుచుకుంటాయి, ఎందుకు మూసుకుంటాయి అన్నదే ఆమె చదువంతా. వినడానికి ఐదారుగురు వస్తారని, వాళ్లలో ఇద్దరు కునుకు తీస్తారని ఆమె అంచనా.

గేటుకు బ్యానరు రాయించిన గుమాస్తా, గుడ్డ చాలక, "రక్తనాళాల" అన్న మాట వదిలేశాడు. మిగిలింది ఇది: "పొటాషియం కాలువల నియంత్రణ. లోపలి లైనింగు పాత్ర. అందరూ ఆహ్వానితులే."

అరటితోటల ఊళ్లో పొటాషియం అంటే ఎరువు, కాలువ అంటే ప్రాణం, నియంత్రణ అంటే ఎవడో నీళ్లు ఆపడం. పైగా శాన్ ఫెర్మిన్ కాలువ కింది రైతులకు వానలు వెళ్లిన దగ్గర్నుంచి చుక్క నీరు లేదు. సొరైదా వెళ్లేసరికి హాలు కిక్కిరిసి ఉంది. సగంమంది నడుములకు గెలలు కోసే కత్తులున్నాయి. రైతుల పెద్ద, ఊరంతా గౌరవంగా డాన్ అని పిలిచే ఎలెయుతేరియో తినోకో ముందు వరసలో టోపీ తీయకుండా కూర్చున్నాడు.

విజ్ఞానం మీద జనానికి ఇంత ఆకలుందా అని ఆమెకు కళ్లు చెమర్చాయి.

"ఈ కాలువలు మూసుకుపోతే ఏమవుతుందో తెలుసా?" అని మొదలుపెట్టింది.

"మాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది డాక్టరమ్మా," అన్నాడు ఎలెయుతేరియో. "ఎండి చస్తాం."

"దాదాపు అంతే. చివర్న ఉన్న భాగాలకు సరఫరా తగ్గుతుంది."

"ఆ చివర్న ఉన్నది మేమే," అంది వెనకనుంచి ఒక ముసలావిడ.

"మరి తెరుచుకోకుండా అడ్డుపడేదెవరు?" అని ఎలెయుతేరియో అడిగాడు.

"కారణాలు చాలా ఉన్నాయి. ముఖ్యంగా కొవ్వెక్కితే అవి సరిగా తెరుచుకోవు."

"కొవ్వెక్కినవాడి పనేనని మేమూ అనుకుంటూనే ఉన్నాం."

తలలన్నీ వేదిక మీద ఓ పక్కకు తిరిగాయి. అక్కడ కాలువ ఇంజనీరు ఫౌస్తో లలంగి కూర్చున్నాడు. ఆయన్ను వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. జనం కనిపిస్తే ఎక్కి కూర్చోవడం ఆయన అలవాటు. ఉపన్యాసంలో ఒక్క ముక్కా అర్థం కాలేదు గాని, అర్థం కాలేదని ఒప్పుకోవడం ఆయన ఉద్యోగధర్మంలో లేదు.

"ఈ నియంత్రణంతా చేస్తున్నది మా ఆఫీసే," అన్నాడు లేచి. "డాక్టరుగారు చెప్పిన ప్రతి అక్షరం మా సలహాతోనే."

ఎలెయుతేరియో కూడా లేచాడు.

"నది ఎండిపోయిందన్నావు కదయ్యా," అన్నాడు మెల్లగా. "అయితే మూసింది నువ్వన్నమాట."

సొరైదా కంగారుపడింది. "నేను చెప్పేది కంటికి కనపడని కాలువల గురించండీ."

"మా కాలువా అంతేనమ్మా. ఈమధ్య కంటికి కనపడటమే లేదు."

ఫౌస్తో ముందు రెండు దారులున్నాయి: విషయం తెలియదనడం, లేదా తూము మూసి నీళ్లు పైనున్న బావమరిది తోటకు మళ్లించాననడం. ఆయన పరువు కాపాడుకున్నాడు. రెండోదే ఒప్పుకున్నాడు. జనం ఆయన్ను మధ్యలో పెట్టుకుని తూము దాకా నడిపించారు. మధ్యాహ్నానికి నీళ్లొచ్చాయి.

ఖాళీ హాల్లో సొరైదా బొమ్మలు చూపే ప్రొజెక్టరు తీగలు చుట్టుకుంటుంటే ముసలావిడ ఒక్కతే తిరిగొచ్చింది.

"నాకు రక్తపోటుందమ్మా. ఆ కనపడని కాలువలేవో నాలోనూ ఉన్నాయా?"

సొరైదా చుట్టిన తీగలన్నీ మళ్లీ విప్పింది.

రైతుల గొడవను శాస్త్రీయంగా పరిష్కరించినందుకు ఫౌస్తోను పై నెలలో వైద్య పరిశోధనలకు నిధులిచ్చే సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. సొరైదా దరఖాస్తు రాగానే ఆయన కళ్లజోడు సవరించుకుని, ఈ కణాల విస్తీర్ణం మొత్తం ఎన్ని హెక్టార్లని అడిగాడు.