బానే ఉన్న మోకాలు

మార్చి నెల. మంచు ఇంకా వీడలేదు. ఆ శుక్రవారం పొద్దున లైల్ పెటిగ్రూ పెట్టుకున్న పనులు రెండే. మధ్యాహ్నం కొనుగోళ్ళ గడువు ముగిసేలోగా ఒక మంచి ఆటగాణ్ణి కొనాలి. తర్వాత డోనట్ తినాలి.

లైల్ ఫోర్ట్ హాలిస్ బ్యాడ్జర్స్ అనే ఐస్ హాకీ జట్టుకు మేనేజరు. జట్టు యజమాని ఎమెట్ క్రౌడర్ ట్రాక్టర్ టైర్లు అమ్మి గడించినవాడు. టైరులో గాలి చూసినట్టు రోజూ లైల్‌కు ఫోన్ చేసి, "జట్టెలా ఉంది?" అని అడుగుతాడు. ఈ ఏడు కప్పు కోసం జరిగే చివరి పోటీలకు, ప్లేఆఫ్స్‌కు, చేరకపోతే లైల్ వచ్చి టైర్ల గోడౌన్‌లో కూర్చోవచ్చని కూడా మర్యాదగానే చెప్పాడు. జట్టు సరిగ్గా అంచు మీద ఉంది. ఒక్క మంచి ఆటగాడు వస్తే లోపల, రాకపోతే గోడౌన్.

కొనడానికి డబ్బుకు కొదవ లేదు. అడ్డం నియమమే. ఒకప్పుడు డబ్బున్న నగరం మంచివాళ్ళందరినీ కొనుక్కునేది, లేని నగరం చప్పట్లు కొట్టేది. అది అన్యాయమని లీగ్ పెద్దలు కూర్చుని, ఏ జట్టయినా జీతాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టరాదని హద్దు గీశారు. అందరికీ ఒకే కుంచం. అప్పట్నించీ ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోంది. కాకపోతే ఒక కాలికి ఎప్పుడూ కట్టు ఉంటుంది. ఎందుకంటే, ఎవడైనా గాయపడి చాలాకాలం ఆడలేకపోతే వాడి జీతం మేరకు హద్దు దాటి ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చని ఆ పెద్దలే ఒక సందు కూడా వదిలారు. దాంతో గొప్ప జట్టంటే గొప్ప ఆటగాళ్ళున్న జట్టు కాకుండా పోయింది. సరైన వేళకు సరైన జీతగాడి ఎముక విరిగిన జట్టు గొప్ప జట్టయింది. పోయినేడు కప్పు గెలిచిన జట్టులో ఖరీదైన రోగులు ముగ్గురుండేవారు. ఊరేగింపు నాడు ముగ్గురూ లారీ మీద గంతులేశారు.

లైల్‌కు అలాంటి అదృష్టం ఎన్నడూ పట్టలేదు. అతని జట్టులో పెద్ద జీతాలవాళ్ళు బండరాళ్ళలా ఉండేవారు. ఇన్నాళ్ళకు ఓరెస్ట్ పాలమార్ మోకాల్లో లిగమెంటు చీలింది. ఓరెస్ట్ జట్టుకు వెన్నెముకలాంటి డిఫెండరు, మంచి జీతగాడు. పైగా చీలింది నిజంగా చీలింది. అబద్ధం ఆడక్కర్లేని గాయం దొరకడం ఈ వ్యాపారంలో నిధి దొరకడంతో సమానం.

ఓరెస్ట్‌ను గాయాల జాబితాలో చేర్చి, అతని సొంతూరు బుకోవ్కాకు పంపి, ఆ జీతపు ఖాళీలో లైల్ డార్సీ వోలోషిన్‌ను బేరమాడాడు. డార్సీ గోల్స్ వేసే మొనగాడు. మంచన్నదే ఎరగని ఒక ఎడారి నగరం తరఫున మంచు మీద ఆడుతున్నాడు. కొనబోయే ముందు లైల్ ఫోన్‌లో ఒక్క మాట అడిగాడు.

"భుజం పట్టేసిందని ఎవరో అన్నారు. ఎలా ఉందయ్యా?"

"బానే ఉందండి," అన్నాడు డార్సీ.

లైల్ బేరం ఖాయం చేశాడు. గడువు ముగిసింది. డోనట్ చేతిలోకి తీసుకున్నాడు.

తలుపు తోసుకుని మోనిక్ వచ్చింది. జీతాల లెక్కలన్నీ ఆమె చేతిలో ఉంటాయి. ఆమె ముఖం చూసి లైల్ డోనట్ కింద పెట్టాడు.

"సార్, ఓరెస్ట్ రేడియోలో మాట్లాడాడు."

"ఏమన్నాడు?"

"బుకోవ్కాలో హాకీ ఆడే ఐస్ రింక్ దగ్గర ఎవడో మైకు పట్టుకుని మోకాలెలా ఉందని అడిగాడట. బానే ఉంది, రేపు ఆడమన్నా ఆడతా అన్నాడట."

"అయితే?"

"మనకన్నా ఒక్క మెట్టు కింద ఉన్న జట్టువాళ్ళు విన్నారు. లీగ్‌కి ఫిర్యాదు చేశారు. రేపు లీగ్ డాక్టరమ్మ బుకోవ్కాకే వెళ్ళి స్వయంగా చూస్తుందట. బానే ఉందని తేలితే ఓరెస్ట్‌ని జట్టులోకి తీసుకోవాలి. తీసుకుంటే హద్దు దాటతాం. దిగాలంటే ముగ్గుర్ని వదులుకోవాలి. అందులో గోల్ కాసే మన గోలీ ఒకడు."

"స్కాన్ ఉందిగా!"

"తీయించింది మన డాక్టరు. మన డాక్టరు మన జీతగాడు. పోయినేడు ఆ ముగ్గురికీ కూడా స్కాన్లున్నాయి సార్."

లైల్ వెంటనే ఓరెస్ట్‌కు ఫోన్ చేశాడు. ఆ వేళకు ఓరెస్ట్ బుకోవ్కా రింక్‌లోని క్యాంటీన్‌లో ఉన్నాడు. క్యాంటీన్ అతని మేనత్త స్టెఫానియాది. ఆమె కజ్జికాయల్లాంటి పెరోగీలు ఒత్తుతోంది. ఓరెస్ట్ చేతులు కూడా పిండిలోనే ఉన్నాయి కాబట్టి ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినిపించేలా మాట్లాడాడు.

"ఓరెస్టూ, రేపు డాక్టరమ్మ వస్తుంది. నొప్పిగా ఉందని చెప్పు."

"ఏది సార్?"

"నీ మోకాలయ్యా!"

"అదా. అది బానే ఉంది."

"చీలిందిరా బాబూ! స్కాన్ నా కళ్ళతో చూశాను."

"ఆ, చీలితే చీలింది. కాస్త."

"ఆ కాస్త మాటే ఆవిడతో అను. నొప్పి అను. ఒక్కసారి. కావాలంటే ఇప్పుడు నాతో అని చూడు."

ఓరెస్ట్ ప్రయత్నించాడు, పాపం. పక్కన అత్త ఉంది. కాఫీ తాగుతున్న ముసలి రైతులున్నారు. బుకోవ్కాలో మగవాడు తన ఒంటి సంగతి నోటితో చెప్పుకోవడం అంతవరకూ జరగలేదు. పాలు పిండుతూ గుండె ఆగి పోయినవాడు కూడా బకెట్ జాగ్రత్తగా పక్కన పెట్టి పోయిన ఊరది.

"వాతావరణం మారింది సార్ ఇక్కడ," అన్నాడు ఓరెస్ట్ చివరికి.

ఫోన్ పెట్టేయగానే స్టెఫానియా అప్పడాల కర్ర ఆపింది.

"అర్థమైందిరా నాకు. కాలు పోయిందని నీ నోటితోనే అనిపించి, కుంటి గుర్రాన్ని తోలినట్టు తోలేస్తారు. ఇవాళే కొత్తవాణ్ణి కొన్నారని రేడియోలో చెప్పలా?"

"అది కాదత్తా, జీతాల హద్దని ఒకటుంది..."

"పన్నెండేళ్ళు వాళ్ళ కోసం పళ్ళూడగొట్టుకున్నావు. ఇప్పుడు హద్దు గుర్తొచ్చిందా? రానీ ఆ డాక్టరమ్మని. నువ్వెంత గట్టిగా ఉన్నావో ఊరంతా చూపిస్తాం."

శనివారం తెల్లవారగానే లైల్ కారెక్కాడు. దారంతా గాలి మంచును అడ్డంగా కొడుతోంది. అతను బుకోవ్కా రింక్ ముందు ఆగేసరికి డాక్టరమ్మ కారు అక్కడే ఉంది. లోపల్నుంచి కేకలు వినపడుతున్నాయి.

లోపలికి అడుగు పెట్టి చూశాడు. మంచు మీద ఊరి పాతకాపుల మ్యాచ్ నడుస్తోంది. గోల్ దగ్గర చర్చి ఫాదర్ నిలబడ్డాడు. నడిమధ్యన, స్కేట్లు కట్టుకుని, జట్టు చొక్కా తొడుక్కుని ఓరెస్ట్ ఉన్నాడు. అతని రెండు భుజాల మీద చేతులు వేసి ఇద్దరు స్నేహితులు నవ్వుతూ పక్కనే తిరుగుతున్నారు. జాగ్రత్తగా చూస్తే ఓరెస్ట్ కుడికాలు మంచుకు తగలడం లేదు. స్నేహం అతన్ని మోస్తోంది. అతని చంకకర్రలు స్టెఫానియా పొద్దున్నే పొయ్యి వెనక దాచేసింది.

"ఇంకా గట్టిగా నవ్వండిరా!" అంటోంది స్టెఫానియా గట్టు మీంచి. ఆమె పక్కన పొడుగాటి కోటులో డాక్టర్ నోరీన్ థోర్వాల్డ్సన్ చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఆపండి! దించండి వాణ్ణి!" అని అరుస్తూ లైల్ నున్నటి పట్నం బూట్లతో మంచు మీదికి దూకాడు. బూట్లు ముందుకు వెళ్ళాయి. లైల్ వెనక్కి వెళ్ళాడు. పడుతూ కుడిచెయ్యి ఆనించాడు. ఎండు పుల్ల విరిగిన చప్పుడు రింక్ ఆ చివరిదాకా వినపడింది. స్నేహితులిద్దరూ అటు తిరిగి చూడటంలో చేతులు వదిలేశారు. ఓరెస్ట్ కూడా కూలబడ్డాడు.

డాక్టరమ్మ మెల్లగా నడిచి వచ్చి లైల్ దగ్గర వంగింది. అతని మణికట్టు ఒక దిక్కు చూస్తోంది, వేళ్ళు ఇంకో దిక్కు చూస్తున్నాయి.

"దెబ్బ తగిలిందా?"

"అబ్బే, ఏం లేదండి. బానే ఉంది," అన్నాడు లైల్. "మీరు వాణ్ణి చూడండి."

డాక్టరమ్మ ఆ మణికట్టును మరోసారి చూసింది. ఇద్దర్నీ క్యాంటీన్‌లోకి తెమ్మంది. ఓరెస్ట్‌ను బల్ల మీద కూర్చోబెట్టి మోకాలు పట్టుకుని పక్కకు తిప్పింది. ఓరెస్ట్ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. బల్ల అంచు మాత్రం ఊడి అతని చేతిలోకి వచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"లేదండి. బల్ల పాతది."

"మంచు మీద ఉన్నప్పుడు?"

"బానే ఉంది."

"చూశారా, బంగారంలాంటి కాలు!" అంది స్టెఫానియా. "వాడి తాత ఇంతకన్నా పాడు కాలితో మూడు పంటలు తీశాడు."

లైల్ కళ్ళు మూసుకున్నాడు. టైర్ల గోడౌన్‌లో రబ్బరు వాసన అప్పుడే ముక్కుకు తగిలింది.

డాక్టరమ్మ సంచి దగ్గరికి లాక్కుంది. "ఈ ఏడు ఇతను ఆడటం కల్ల. గాయాల జాబితాలోనే ఉంటాడు."

"వాడు బానే ఉందన్నాడుగా!" అంది స్టెఫానియా.

"అన్నాడు కాబట్టే. మాది ఇక్కడికి అరగంట దూరం. మా నాన్న చెయ్యి ధాన్యం మరలో పడితే, కాస్త గీసుకుందని చెప్పి సూపు తాగి లేచాడు. గిన్నెలు తీస్తుంటే అమ్మ చూసింది, మూడు వేళ్ళు లేవు. ఈ చుట్టుపక్కల మనిషి అబ్బా అంటే నేను పట్టించుకోను. బానే ఉందంటే మాత్రం వెంటనే స్కాన్ తీయిస్తాను."

స్టెఫానియా లైల్ మీదికి తిరిగింది. "ఇక తోలేస్తావా మావాణ్ణి?"

"తోలడమేంటమ్మా! జాబితాలో ఉన్నన్నాళ్ళూ జీతం మొత్తం వస్తుంది. ఆ పేరున నేను ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. అందుకే నొప్పి అనమన్నాను."

"ఇంట్లో కూర్చున్నా జీతమా?"

"మొత్తం."

"ఆ మాట ముందే ఏడవొచ్చుగా! రెండు కాళ్ళూ పోయాయని చెప్పేదాన్ని," అని పొయ్యి వెనకనుంచి చంకకర్రలు తీసి మేనల్లుడి ముందు పడేసింది. "పట్టుకోరా. ఇంకాస్త కుంటు."

లైల్ గుండె కుదుటపడింది. ఓరెస్ట్ జాబితాలో ఉన్నాడు, డార్సీ జట్టులో ఉన్నాడు, గోలీ దక్కాడు. డాక్టరమ్మ అతని మణికట్టుకు అట్టముక్క పెట్టి కట్టు కడుతుంటే ఎడమచేత్తో పెరోగీలు తిన్నాడు. పుల్లటి మీగడ అడిగి వేయించుకున్నాడు. ఈ లీగ్‌లో నియమాలు ఎంత న్యాయమైనవో అనుకున్నాడు.

"కొన్న కుర్రాడు మా వోలోషిన్ల డార్సీయేనటగా?" అంది స్టెఫానియా, ఇంకో రెండు పళ్ళెంలో వేస్తూ. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "పక్కూరే వాళ్ళది. వాళ్ళమ్మ మొన్న వచ్చింది. వాడికి చొక్కా తొడగడానికి మనిషి కావాల్సొస్తోందట పాపం."

ఫోర్క్ గాలిలో ఆగింది.

"నేనడిగాను," అన్నాడు లైల్. "భుజం ఎలా ఉందని నేనే అడిగాను."

"ఏమన్నాడు?" అంది డాక్టరమ్మ.

లైల్ ఫోర్క్ పళ్ళెంలో పెట్టేశాడు. చెప్పనక్కర్లేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. మూయబోయిన సంచిని మళ్ళీ తెరిచి ఉంచింది.

ఫోన్ మోగింది. మోనిక్.

"సార్, డార్సీ దిగాడు. నాతో ఎడమచేత్తో చెయ్యి కలిపాడు. ఎడారిలో అదే మర్యాదేమో అనుకున్నా. పెట్టె కూడా డ్రైవరే మోశాడు."

"గడువు?"

"నిన్ననే అయిపోయిందిగా సార్. ఇక ఎవర్నీ కొనలేం. ఇంకో సంగతి, లెక్క చూశాను. లీగ్ మొత్తంలో అందరికన్నా ఖరీదైన జట్టు ఇప్పుడు మనదే."

గోలీ ఎలా ఉన్నాడని అడగబోయి లైల్ నాలుక కరుచుకున్నాడు. ఆమె ఏం చెబుతుందో అతనికి వినాలనిపించలేదు.

ఫోన్ పెట్టేశాడో లేదో మళ్ళీ మోగింది. ఈసారి క్రౌడర్.

"ఏం లైల్, జట్టెలా ఉంది?"

లైల్ కిటికీ పక్కన చంకకర్రల మీద కుంటడం నేర్చుకుంటున్న ఓరెస్ట్‌ను చూశాడు. తన కట్టు వంక చూసుకున్నాడు. డాక్టరమ్మ అతని నోటివంకే చూస్తోంది.

"బానే ఉందండి," అన్నాడు.