దయాకరన్న ఖాళీ ఇన్‌బాక్స్

తెలంగాణ మొత్తమ్మీద ఒక్క ఈమెయిలు కూడా పెండింగ్‌లో లేని ఏకైక నాయకుడు తానేనని తూర్పు హైదరాబాద్ ఈ-విన్నపాల మండలి చైర్మన్ దయాకర్ నాచారం ఆఫీసులో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించాడు. "మీరు పంపుడే ఆలస్యం, నేను సాఫ్ జేసుడే" అన్నాడు. విలేకరుల చేతుల్లో సమోసాలు ఉండటం వల్ల ప్రశ్నలేవీ రాలేదు.

దయాకర్ అబద్ధమాడే మనిషి కాదు. రోజూ పొద్దున్నే కంప్యూటరుకు బొట్టు పెట్టి, అగర్బత్తి వెలిగించి, తెరమీద ఖాళీ పెట్టెను కళ్ళారా చూసుకున్నాకే టిఫిన్ ముట్టేవాడు. విలేకరులు వెళ్ళాక, కొత్తగా చేరిన ఆపరేటర్ హిమజను పిలిచి ఆ ఖాళీని గర్వంగా చూపించాడు.

హిమజ తెర దగ్గరికి వంగింది. "సార్, ఇది ట్రాష్. చెత్తబుట్ట."

"అయితే ఏంది?"

"మీరు ఎన్నడూ ఒక్కటి గూడ డిలీట్ జెయ్యలే. అందుకే ఖాళీగుంది. ఇన్‌బాక్స్ పైనుంటది."

నొక్కింది. నలభై ఒక్క వేల చిల్లర మెయిళ్ళు. ఒక్కటీ తెరవలేదు. నాచారం మోరీల మురుగు, హబ్సిగూడ హాస్టళ్ళ నీళ్ళు, మేడిపల్లి రోడ్డు గుంతలు. జవహర్‌నగర్ చెత్త వాసన మీదే ఒక ఊరికి సరిపడా ఉన్నాయి.

దయాకర్‌కు ఏసీలో చెమట పట్టింది. శుక్రవారం ఉప్పల్ ఫంక్షన్ హాల్లో మంత్రిగారి సమీక్ష. పెద్ద తెరమీద ఇన్‌బాక్స్ తెరిపించి చూస్తారట. చైర్మన్ పదవి ఈ నెలాఖరుతో ముగుస్తుంది, పొడిగింపు మంత్రిగారి చేతిలో ఉంది. పదవి పోతే కారు మీద బోర్డు పోతుంది. బోర్డు పోతే ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో మామూలు మనుషుల మధ్య ఆగాలి.

"అన్ని డిలీట్ కొట్టు బిడ్డా."

"ఒక్కపారే పోవు సార్. సర్కారు మెయిల్ గదా, తెరిచి చదివినంకనే ఒక్కొక్కటి పోతది. గట్లనే సెట్ జేసిన్రు."

అప్పుడు దయాకర్ కుడిభుజం బిక్షపతి గొంతు సవరించుకున్నాడు. సభలకు జనాన్ని తోలుకురావడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. "ఫికర్ జెయ్యకన్నా. ఒక్కొక్కటి చదవాల్నంటే మనుషులు గావాలె. మనుషుల్ని తెచ్చుడు మనకు కొత్తనా?"

మర్నాడు రెండు డీసీఎం వ్యాన్ల నిండా సాలమ్మ గ్రూపు ఆడవాళ్ళు దిగారు. ఏ పార్టీ సభలోనైనా ముందు వరస వాళ్ళదే. బిర్యానీ డేగిశాలు ఎదురుగా పెట్టి, కిరాయి ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చోబెట్టారు. తెరువు, చదువు, కొట్టు. ప్రజల విన్నపాలను ప్రజల చేతనే తుడిపించిన ప్రజాస్వామికవాది ఇంతవరకు పుట్టలేదని బిక్షపతి వీడియో కూడా తీశాడు.

అరగంట బాగానే నడిచింది. అంతలో సాలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"బిక్షపతీ, జర ఇటు రా. ఇది మా మోరీ."

"ఏ మోరీ అక్కా?"

"మా గల్లీ మోరీ. మా బిడ్డ పంపింది. సూడు, ముక్కు మూసుకొని నేనే నిలబడ్డ."

"ఫొటో మస్తుగొచ్చింది. కొట్టెయ్."

"ఏంది కొట్టేది? నీ బిర్యానీ తిని నా మోరీని నేనే కొట్టేసుకోవాల్నా? మోరీ ఆడనే ఉన్నది గద!"

అంతే, హాలు హాలంతా ఎవరి గల్లీని వాళ్ళు వెతుక్కోవడం మొదలైంది. "మా నల్లా దొరికిందే!" "వదినా, మా కరెంటు స్తంభం గిక్కడుంది!" జాతరలో తప్పిపోయిన పిల్లలు దొరికినట్టు సంబరపడిపోయారు. డిలీట్ మానేసి, కనబడ్డ ప్రతి ఫిర్యాదుకూ జవాబు కొట్టారు: 'నిజమే, ఇంక గట్లనే ఉన్నది.' కింద సంతకం దానంతటదే పడింది: 'ఇట్లు, దయాకర్, చైర్మన్.'

ఇంత నిజాయితీ గల నాయకుణ్ణి ఎన్నడూ చూడలేదని జనం పులకించి, మిగిలిన సమస్యలు కూడా రాసి పంపారు. సాయంత్రానికి మెయిళ్ళు రెట్టింపయ్యాయి. బిర్యానీ మాత్రం పెండింగ్ లేదు.

దయాకర్ తల పట్టుకున్నాడు. "కొంప ముంచినవ్ గదరా!"

"అన్నా, గోడ మీద పాత పోస్టరుంటే ఏం జేస్తం? గీకుతమా? దాని మీదనే కొత్తది అంటిస్తం" అన్నాడు బిక్షపతి. "పైన మొత్తం థాంక్సులు పడాలె. మంత్రి సారు కిందికి పోయి ఏం సూస్తడు?"

కార్యకర్తలందరికీ కబురు వెళ్ళింది. మొదటివాడు ధన్యవాదాల ఫ్లెక్సీ ఒకటి తయారుచేసి మెయిల్లో పంపాడు. పైన మంత్రిగారు, నడుమ దయాకర్ నమస్కారం, మూలన సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని తాను. దాన్ని అందరికీ పంపడమే తప్పయింది. తన ఫొటో చిన్నదైందని డివిజన్ అధ్యక్షుడు ఇంకా పెద్ద ఫ్లెక్సీ పంపాడు. తమ ఫొటోలే లేవని యువజన విభాగం అలిగి, అలిగిన ఫొటోలు పంపింది. ఉపాధ్యక్షుడొకడు తన తలను మంత్రిగారి తలకంటే పెద్దగా పెట్టించుకుని, పార్టీ లైనుకు కట్టుబడి, క్షమాపణ ఫ్లెక్సీ పంపాడు.

గురువారం మధ్యాహ్నం హిమజ వచ్చింది. "సార్, ఫ్లెక్సీలతోని జాగా మొత్తం నిండింది. ఇంక ఒక్క మెయిల్ గూడ రాదు."

"కంప్లైంట్లు గూడనా?"

"ఏదీ రాదు సార్. వచ్చింది వచ్చినట్టే వాపస్ పోతది."

దయాకర్ లేచి వచ్చి ఆమెకు శాలువా కప్పాడు. "ఇన్నేండ్ల సంది ఏ సర్కారు జెయ్యలేని పని జేసినవ్ బిడ్డా!"

శుక్రవారం హాలు కిటకిటలాడింది. సాలమ్మ గ్రూపు ముందు వరసలో ఉంది. తెర వెలిగింది. ఎంత జరిపినా ధన్యవాదాలే. ఈరోజు వచ్చిన ఫిర్యాదులు: సున్నా. మంత్రిగారు తన ఫొటోను ఇన్నిసార్లు ఒక్కచోట చూసి కరిగిపోయారు. మైకు ముందే దయాకర్ భుజం తట్టారు.

"పోయిన నెల నీకొక మెయిల్ పెట్టిన. సూసినవా దయాకర్?"

కెమెరాలన్నీ తిరిగాయి. ఒక్క మెయిలూ పెండింగ్ లేని నాయకుడు చూడలేదని ఎలా అంటాడు? మంత్రిగారు రాసేది పొడిగింపు తప్ప ఇంకేముంటుంది?

"ఎందుకు సూడ సార్! చదివి, సంతోషంగ ఒప్పుకుంటున్న అని గంట లోపల్నే రిప్లై గూడ ఇచ్చిన."

మంత్రిగారు బరువు దిగినట్టు ఊపిరి వదిలారు. "ఇదీ క్రమశిక్షణంటే! కొత్తోళ్ళకు అవకాశమిద్దాం, కుర్చీ మా బామ్మర్దికి ఇడిసిపెట్టు అని రాస్తే, ఒక్క మాట ఎదురు చెప్పకుండ ఒప్పుకున్నడు. త్యాగమంటే ఇదీ!"

చప్పట్లు మోగాయి. ఎక్కడినుంచో బామ్మర్ది దండతో సహా ప్రత్యక్షమయ్యాడు. దయాకర్ మైకు లాక్కున్నాడు.

"సార్! నేను చదవలే! రిప్లై గూడ ఇయ్యలే! గా మెయిలే కాదు, నేను చైర్మన్ అయిన కాడికెల్లి ఒక్కరి మెయిల్ గూడ చదవలే సార్!"

హాలు ఇంత వినయమా అని మళ్ళీ చప్పట్లు కొట్టింది. బిక్షపతి అప్పటికే బామ్మర్ది పక్కన నిలబడి, "త్యాగమూర్తి దయాకరన్న జిందాబాద్" అంటున్నాడు. సాలమ్మ మాత్రం నడుముకు చేతులు పెట్టుకుని లేచింది.

"గీ ముచ్చట నిజమే సార్! నేను సాక్ష్యం!"

మంత్రిగారు దయాకర్ చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, ఆప్యాయంగా దగ్గరికి పొదువుకున్నారు.

"బాధపడకు దయాకర్. నీ మనసుల ఏమున్నదో అంతా వివరంగ రాసి, నాకొక మెయిల్ పెట్టు."