ఖిల్లా ఎక్కిన ఫస్టు షిఫ్టు

మా ఆయన జగదీశ్వర్ రామగిరి ఖిల్లా మూడుసార్లు ఎక్కాడు. ఈ సంగతి నాకు పెళ్ళిచూపుల్లోనే తెలిసింది. ఉద్యోగం ఏమిటని మా నాన్న అడిగితే "బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఖిల్లా గురించి మాత్రం అరగంట చెప్పాడు.

ఆ అరగంటకే నేను పడిపోయాను. దానికి కారణం ఉంది. బీఎస్సీ బోటనీ చదివే రోజుల్లో మా క్లాసంతా మొక్కలు సేకరించడానికి ఆ గుట్ట ఎక్కింది, నేను తప్ప. సరిగ్గా ఆ వారమే నాకు ఆటలమ్మ పోసింది. అందరూ రకరకాల ఆకులు ఎండబెట్టి, అట్టలకు అంటించి మార్కులు తెచ్చుకుంటుంటే నేను ఇంట్లో వేపాకుల మీద పడుకున్నాను. ఆ ఏడు నాకు దక్కిన మొక్క అదొక్కటే.

అందుకే పెళ్ళయిన మొదటి చలికాలమే అడిగాను.

"ఖిల్లాకు పోదామా?"

"కొత్త పెండ్లికూతురివి, కాళ్ళు నొస్తయి. వచ్చే చలికాలం పోదాం."

వచ్చే చలికాలానికి నాకు ఏడో నెల. ఆ తర్వాత చలికాలానికి చంకలో పిల్ల. ఆ తర్వాత పాములు. పాములు అయిపోయాక ఎలుగుబంట్లు. జంతువులన్నీ అయిపోయాక అసలు మాట బయటికొచ్చింది.

"మూడుసార్లు ఎక్కినోన్ని చెప్తున్న. ఆడోళ్ళతోని అయ్యే పని కాదది."

"పోనీ, పైన ఏమున్నదో అదన్న చెప్పు."

"గుట్ట మీద ఏముంటది? గాలి ఉంటది."

మూడుసార్లు ఎక్కిన మనిషి మోసుకొచ్చిన సమాచారం అంతే.

ఇలా పందొమ్మిది చలికాలాలు గడిచాయి. గోదావరిఖనిలో మా క్వార్టరు డాబా ఎక్కితే ఒక పక్క కరెంటు ప్లాంటు చిమ్నీలు, ఇంకో పక్క ఓపెన్‌కాస్టు గని మట్టిదిబ్బలు. మా అమ్మాయి చిన్నప్పుడు లోకంలో గుట్టలన్నీ డంపరు లారీలు పోస్తేనే తయారవుతాయనుకునేది. నాకు దేవుడు చేసిన గుట్ట ఒక్కటైనా ఎక్కాలని ఉండేది.

ఈ ఏడు మా ఆయన ఒక బ్లూటూత్ స్పీకరు కొన్నాడు. నీళ్ళ చెంబంత ఉంటుంది, పెళ్ళి బరాత్ అంత మోగుతుంది. నాకు వేణువు సన్నగా వినిపించే పాత లలితగీతాలు ఇష్టం. ఆయనకు పాటలో మనుషులు పాడితే నచ్చదు. వాళ్ళు డప్పులకు అడ్డం వస్తారట.

స్పీకరు వచ్చిన వారం నుంచి మా టీవీకి ఏదో అయింది. వంటల కోసం యూట్యూబు పెడితే "గుట్టలు ఎక్కేవారికి పది జాగ్రత్తలు" అంటుంది. మార్చితే "మోకాళ్ళ నొప్పులున్నా ట్రెక్కింగ్ సాధ్యమే" అంటుంది. టీవీ ఆయన ఫోనుతో కలిసి ఉంటుందని నాకు తెలుసు. కానీ పోయిన నెలంతా అది నాకు బట్టతల మందులు చూపించింది కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

ఆ బుధవారం ఆయనకు ఫస్టు షిఫ్టు. పొద్దున ఆరింటికే తయారయ్యాడు.

"పులిహోర జర ఎక్కువ కట్టు. హమీద్ గూడ తింటడు."

కట్టాను. హమీద్ అన్న అదే బాయిలో పంపు ఆపరేటరు, మాకు రెండు క్వార్టర్ల అవతల ఉంటాడు. ఇద్దరూ ఒకే బండి మీద పోయారు.

తొమ్మిదింటికి, చెప్పిన రోజు కంటే ఒక రోజు ముందే గ్యాసు ఆటో వచ్చింది. వాకిట్లో సిలిండరు దించి, "అమ్మా, ఓటీపీ చెప్పున్రి" అన్నాడు. అది మా ఆయన ఫోనుకే వస్తుంది. చెప్పకపోతే సిలిండరు మళ్ళీ ఆటో ఎక్కుతుంది. నేను ఏ ఆలోచనా లేకుండా నంబరు నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"హలో, ఏందో జల్ది చెప్పు. డ్యూటీల ఉన్న."

"గ్యాసు ఓటీపీ వచ్చిందా?"

"ఆగు, చూస్త... నాలుగు, ఏడు, సున్నా, రెండు."

"ఆ డప్పులేంది?"

"డప్పులు కాదు, మోటరు చప్పుడు. పెడ్తున్న."

సిలిండరు సీలు చూసుకున్నాను. లోపలి రబ్బరు వాషరు చూసుకున్నాను. వంటింట్లోకి దొర్లించి రెగ్యులేటరు బిగించబోతుంటే నా చెయ్యి ఆగిపోయింది.

మా దగ్గర కొత్త కోడలికి మొట్టమొదట నేర్పేది ఇదే: మొగుడు బాయిలో దిగాక ఫోను చేయకూడదు. చేసినా లాభం లేదు, ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, పైనే వదిలి దిగాలి. ఏడింటికి దిగిన మనిషి మూడింటికి పైకి వచ్చేదాకా ఈ లోకంతో సంబంధం ఉండదు. మా అమ్మాయి పుట్టిన కబురు కూడా మూడు దాటాకే విన్న మనిషి, గ్యాసు నంబరు మాత్రం మొదటి రింగుకే చెప్పాడు.

హమీద్ అన్న భార్య కుబ్రా బేగం దగ్గరికి పరుగెత్తాను. నాకంటే పెద్దది, నేను ఆపా అంటాను. వాకిట్లో బకెట్టు నిండా తడిబట్టలు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆపా, హమీదన్న ఏడి?"

"డ్యూటీల. ఎందుకు?"

"ఒకసారి ఫోన్ చెయ్యి."

"బాయిల ఉంటే ఎట్ల ఎత్తుతడు? దిమాగ్ ఖరాబైందా నీకు?"

"చెయ్యి, చెప్త."

చేసింది. నాలుగు రింగులు మోగింది. తర్వాత కట్టయింది. తర్వాత స్విచ్ఛాఫ్ అయింది.

కుబ్రా ఆపా కాసేపు ఫోను వైపు చూసింది. ఆ తర్వాత బకెట్టు వైపు చూసింది.

"బట్టలారేసే తాడు పొద్దుగాల నుంచి దొరుకుత లేదు," అంది మెల్లగా.

తాడు, పులిహోర, మా టీవీ. మూడూ కలిపితే ఖిల్లా.

"పోయి పట్టుకుందామా?" ఆపా చీర కొంగు బిగించింది.

"పట్టుకునుడు నాకెందుకు ఆపా? నాకు ఖిల్లా ఎక్కాలె. పందొమ్మిదేండ్ల సంది ఎక్కాలె."

"నేను వస్త. కానీ నా తాడు నాకు కావాలె."

ఇంట్లో ఉన్న రొట్టెలు, పచ్చడి కట్టుకుని, మా సందు చివర ఉండే అంజి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. గంటలో గుట్ట కింద దిగాం. చెట్టు కింద హమీద్ అన్న బండి ఉంది. దాని అద్దానికి మా ఆయన హెల్మెట్టు వేలాడుతోంది. పక్కనే ఒక ముసలవ్వ మేకలు కాస్తోంది. పేరు సమ్మవ్వట.

"అవ్వా, ఇద్దరు మొగోళ్ళు ఇటు వచ్చిండ్రా?"

"డప్పులు మోగించుకుంట పోయిండ్రు. నా మేకలు బెదిరి ఇప్పటిదాక మేస్త లెవ్వు."

"ఏ తొవ్వల పోయిండ్రు?"

"గటు. అది పైకి పోదు బిడ్డా, మేకలు గూడ సగం పోయి మళ్ళుతయి. చెప్పిన. మా ఫోన్ల గిట్లనే ఉన్నదన్నరు."

మేం సమ్మవ్వ చూపిన తోవనే పట్టాం. అవ్వ ముందు, వెనుక మేం, మా వెనుక మేకలు. మెట్లు సగం విరిగి ఉన్నాయి. నేను పుస్తకంలో మాత్రమే చూసిన తీగలు, పొదలు ఒక్కొక్కటే ఎదురవుతుంటే ఆగి పేరు చెబుతున్నాను.

"సంధ్యా, చెట్ల పేర్లు నాకెందుకు? నీళ్ళేడున్నయో చెప్పు," అంది ఆపా.

మధ్యలో రెండుసార్లు కూర్చున్నాం. ఒంటిగంటన్నరకు పైన ఉన్నాం.

పైన నిజంగానే గాలి ఉంది. కానీ గాలి ఒక్కటే లేదు. పాత కోటగోడ ఉంది, బండల మధ్య నీళ్ళు ఉన్నాయి, కింద పచ్చని పొలాలు, దూరంగా ఎండలో తెల్లటి గీతలా గోదావరి ఉంది. ఇంకా దూరంగా చిమ్నీలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. రోజూ నా డాబాకు అడ్డం నిలబడేవి ఇవేనా అనిపించింది. గోడ పట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాను. ఆపా తన తాడు సంగతే మరిచిపోయింది, అది ఇంకా పెద్ద వింత.

అప్పుడు కింది నుంచి డప్పులు వినిపించాయి.

గోడ మీది నుంచి వంగి చూశాం. నలభై అడుగుల కింద, మా వరండా అంత బండ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ముందు నిటారు రాయి, వెనుక ఎటు నుంచి దూరి వచ్చారో కనబడనంత ముళ్ళకంప. బట్టలారేసే తాడుతో ఇద్దరూ నడుములు కట్టుకున్నారు, ఒకరు పడితే రెండోవారు కూడా తప్పకుండా పడేటట్టు.

పడే ప్రమాదమేమీ లేదని చూసుకుని, నేను ఫోను చేశాను. మా ఆయన తెర వైపు చూసి ఉలిక్కిపడ్డాడు. డప్పులు ఆపాడు. మాటలు పైకి స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"సంధ్య చేస్తుందిరా!"

"ఎత్తకు! డ్యూటీల ఉన్నం కదా!"

"పొద్దుగాల ఎత్తిన కదా."

"అందుకే ఇప్పుడు ఎత్తద్దు!"

"మరి ఇక్కడికెల్లి ఎట్ల పోవుడు? అంజికి చేద్దామా, ఎవలనన్న తోలుకొస్తడు."

"అంజికి చెప్తే కాలనీకి చెప్పినట్టే. మూడు కానియ్యి. షిఫ్టు దిగినంక ఆలోచిద్దాం."

సెలవు పెట్టి, గుట్ట మీద ఇరుక్కుని కూడా షిఫ్టు దిగే టైము కోసం ఎదురుచూసే మనుషులు మా ఊళ్ళోనే ఉంటారు.

"పాపం సంధ్యా, పిలుద్దాం," అంది ఆపా.

"డ్యూటీల ఉన్నోళ్ళను పిలవద్దు ఆపా. రూలు."

రొట్టెలు విప్పాం. సమ్మవ్వకు రెండు పెట్టాం. కింద హమీద్ అన్న గొంతు మళ్ళీ లేచింది.

"అరే, మూడుసార్లు ఎక్కిన్నంటివి. తొవ్వ యాదికి లేదా?"

మా ఆయన నడుముకున్న తాడు ముడి సరిచూసుకున్నాడు.

"జగదీశ్! ఎన్నిసార్లు ఎక్కినవ్?"

"...ఒక్కసారి గూడ ఎక్కలే."

నా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"పెండ్లిచూపులల్ల ఏదో ఒకటి చెప్పాలె కదరా! ఫ్యూజులు మారుస్త అంటే పిల్లనిస్తరా? ఆమె డిగ్రీ చదివింది. ఖిల్లా పేరు చెప్పంగనే కండ్లు ఇంతింత చేసుకుని చూసింది. గా చూపుకు రెండుసార్లని చెప్పబోయి మూడుసార్లని చెప్పిన."

"మరి ఇప్పుడెందుకు నా ప్రాణం తీస్తున్నవ్?"

"ఈ చలికాలం గూడ అడుగుతది. చెప్పనీకె జంతువులు గూడ మిగల్లే. ఒకసారి ముందుగాల ఎక్కి తొవ్వ చూసుకుంటే, తర్వాత ఆమెను మంచిగ తీస్కరావచ్చు అనుకున్న."

కుబ్రా ఆపా నా ముఖంలోకి చూసింది. నాకు జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ మూడు కావడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి.

సరిగ్గా మూడింటికి నా ఫోను మోగింది.

"హలో సంధ్యా, ఇప్పుడే బాయిలకెల్లి బయటికొచ్చిన. పొద్దున గూడ ఇంక దిగకముందే నువ్వు చేసినవ్, లేటుగ దిగిన ఇయ్యాల. ఇంటికొచ్చేటాలకు జరంత ఆలస్యమైతది."

"సరే. నీ కుడి చేతి పక్కన తీగ ఉన్నది చూడు, గోధుమరంగు నూగు కాయలది. అది దూలగొండి. ముట్టకు, దురద పుడ్తది."

కింద ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"...ముట్టిన," అన్నాడు.

ముందు ఎడమకు చూశాడు. తర్వాత కుడికి. తర్వాత చాలా నెమ్మదిగా తల పైకెత్తాడు. నేను చెయ్యి ఊపాను. ఆపా తాడు వైపు వేలు చూపించింది.

సమ్మవ్వ రాయి వెనుక నుంచి చుట్టూ తిరిగిపోయి పది నిమిషాల్లో ఇద్దరినీ పైకి తెచ్చింది. మా ఆయన ఒళ్ళంతా గోక్కుంటూ నా ముందు నిలబడ్డాడు.

"నువ్వెట్ల ఎక్కినవే?"

"నడుచుకుంట."

"అంత విన్నవా?"

"మోటరు చప్పుడు ఆగినకాడికెల్లి విన్న."

దిగేదాకా గోకుడే. బండి దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించి అడిగాడు.

"కాలనీల ఏం చెప్దాం?"

"నువ్వే తీస్కపోయినవని చెప్పు. అంజికి గూడ నేను గదే చెప్త."

"నిజంగనా?"

"నిజంగ."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దురద వల్ల కూడా కావచ్చు. రాత్రికల్లా కోటగోడ దగ్గర తీసుకున్న ఫోటో ఆయన స్టేటస్‌లో ఉంది: "నా భార్యకు ఖిల్లా చూపించిన రోజు." శుక్రవారం వాకిట్లో ముగ్గులు వేస్తూ ఎదురింటి రమతో నేను ఒక్క మాటే అన్నాను, మా ఆయన ఆడవాళ్ళను చాలా ఓపికగా తీసుకెళ్తాడని.

ఆదివారం పొద్దున ఆరింటికి గేటు దగ్గర గోల. మా ఆయన బనీనుతోనే తలుపు తీశాడు. బయట పదకొండు మంది ఆడవాళ్ళు. టిఫిను డబ్బాలు, నీళ్ళ సీసాలు, ఒకావిడ మోకాళ్ళకు పట్టీలు. వెనుక అంజి ఆటో, ఇంకో రెండు ఆటోలు.

"అన్నా," అంది రమ, "మా ఇంటాయన ఆడోళ్ళతోని కాదంటడు. నువ్వేమో నాలుగుసార్లు ఎక్కినవట, వదినెను గూడ తీస్కపోయినవట. మమ్ముల గూడ జర తీస్కపో అన్నా, పుణ్యముంటది."

మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను అప్పటికే కాళ్ళకు బూట్లు వేసుకుని ఉన్నాను.

"సంధ్యా," అన్నాడు నా చెవి దగ్గర, "దిగేటప్పుడు గోక్కునుడే సరిపోయింది. తొవ్వ చూడలే."

"ఫికర్ చెయ్యకు," అన్నాను. "నా ఎనుక నడువు."