మురుకుల్లో పన్ను

పొద్దున్నే పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికల్లా మురుకుల తట్ట నింపేసి, ఆనక కాస్త నడుం వాల్చాలనుకుంది మునిలక్ష్మి. మర్నాడు తీర్థమలైలో ఆడబిడ్డ సాకమ్మ మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు. "మురుకులు నువ్వే చెయ్యే" అని సాకమ్మ అనడం, పెళ్ళయినప్పటి నుంచీ ఇదే మొదలు. వంకలు పెట్టడంలో ఆవిడకు ఆవిడే సాటి. ఈ ఒక్క తట్ట గట్టెక్కితే చాలు, ఇక మాట పడే పని లేదు.

తట్ట నిండేసరికి సాకమ్మ వచ్చింది. వస్తూనే ఒక మురుకు తీసి కటుక్కున కొరికింది. మొహం చిట్లించి అరచేతిలోకి ఏదో ఊసింది. పసుపుపచ్చగా, గట్టిగా, చిన్న ముక్క.

"రాయి! పిండి జల్లించలేదా ఏమే?"

"జల్లించినాను వదినా!"

మునిలక్ష్మి మొగుడు గోవిందరాజప్ప ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పడంలో సంతలో ఆయన మాటకు తిరుగు లేదు.

"రాయి కాదక్కా, పన్ను ముక్క ఇది. ఏదీ, నోరు తెరు."

ఎద్దుకు చూసినట్టే పెదవి దించి ముందు నుంచి చూశాడు. ఒక్కటీ విరగలేదు. పెళ్ళాం నోరూ చూశాడు. అవీ భద్రమే. మరి ఈ పన్ను ఎవరిది?

"మిల్లులో ఎవరిదో పిండిలో రాలింటుంది! థూ! ఆ తట్ట దూడలకి వెయ్యి!" అంటూ సాకమ్మ చుట్టాలందరికీ ఫోనులో వాయిస్ పంపేసింది.

మునిలక్ష్మికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "పన్ను సంగతి పళ్ళ డాక్టరే చెప్పాల. అందాకా నా తట్ట మీద చెయ్యి వెయ్యొద్దండి!" అని ముక్కను కొంగున ముడేసి, తట్ట ఎత్తుకుని, ఇద్దరినీ ధర్మపురి బస్సెక్కించింది.

బస్సులో ఒకావిడ ఆశగా తట్ట వైపు చెయ్యి చాపింది. "తినొద్దమ్మా, దాంట్లో పన్నుంది!" అని సాకమ్మ అరిచింది. బస్సంతా వెనక్కి తిరిగింది. అంతలో కడత్తూరు చుట్టాలెవరో సాకమ్మకు ఫోను చేశారు. "మునిలక్ష్మి మురుకుల్లో పళ్ళ సెట్టు దొరికిందంట కదా?" సిగ్గుతో చచ్చిపోయింది మునిలక్ష్మి.

తమిళనాడు ఊరే అయినా, పళ్ళ డాక్టరు తనుజకూ ఇంట్లో తెలుగే. ముక్కను చూసి, చిన్న అద్దంతో సాకమ్మ కింది పళ్ళ వెనక చూసి నవ్వింది.

"రాయీ కాదు, పన్నూ కాదు. మీ పళ్ళకి పేరుకున్న గార ఇది, అమ్మా. ఇక్కడి నుంచే ఊడింది."

"నేను దినామూ తోముతాను కదమ్మా!"

"బయటవైపు తోముతారు. లోపలివైపు పాచి అట్లే నిలిచి, ఉమ్మిలోని సున్నం పట్టి గట్టిపడుతుంది. గార అయినాక బ్రష్షుకి రాదు, మేమే తియ్యాల. రాత్రి పడుకునే ముందు కూడా లోపలా బయటా తోమితే ఇంత దూరం రాదు."

మునిలక్ష్మికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. "చూస్తివా అక్కా!" అని గోవిందరాజప్ప పగలబడి నవ్వాడు. తెరుచుకున్న ఆ నోట్లోకి డాక్టరు తొంగి చూసింది.

"ముందు ఈయన్ని కూర్చోబెట్టండి."

సాకమ్మ మాత్రం క్షణంలో తేరుకుంది. "మురుకు అంత కరకరలాడబట్టే కదా గార ఊడింది! మా మునిది చెయ్యంటే చెయ్యి!" అని మళ్ళీ అందరికీ వాయిస్ పంపింది. ఆ మాట చెవిన పడ్డాక మునిలక్ష్మి హాయిగా కూర్చుని, డాక్టరుకో మురుకు ఇచ్చి, తానూ ఒకటి కొరికింది.

మర్నాడు పందిట్లో సాకమ్మ, నోరు తెరిచి చూపించనిదే ఎవరికీ మురుకు పెట్టలేదు. చెవులు కుట్టించుకున్నది పాప ఒక్కతే, నోళ్ళు తెరిచింది మాత్రం చుట్టాలంతా.